ఊరికి ముందే తెలిసింది, శాఖకు తెలియలేదు

గుంటూరు నగరాన్ని ఆనుకుని ఉన్న ఊరు తురకపాలెం. 2025 వానాకాలంలో అక్కడ జ్వరంతో ఆస్పత్రికి వెళ్లినవారిలో కొందరు తిరిగి రాలేదు. ఒక ఇంట్లో ఏడుపు ఆగకముందే మరో ఇంట్లో మొదలైంది. సెప్టెంబరు మొదటి వారంలో విషయం పత్రికలకెక్కేసరికి మృతులు ఇరవై దాటారు. అప్పుడు వైద్య శిబిరాలు వెలిశాయి. ఇంటింటా రక్తం తీశారు, మట్టీ నీళ్లూ పరీక్షకు పంపారు. ముఖ్యమంత్రి దీన్ని ఆరోగ్య అత్యవసర పరిస్థితిగా చూడాలని ఆదేశించారు. మెలియాయిడోసిస్ కావచ్చన్న అనుమానం ముందుకొచ్చింది.

ఆ జబ్బు గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. దాని సూక్ష్మజీవి మట్టిలో, నిల్వ నీళ్లలో బతుకుతుంది. మధుమేహం ఉన్నవారిని, మద్యం ఎక్కువగా తాగేవారిని సులువుగా పట్టుకుంటుంది. ఛాతీ ఎక్స్‌రేలో క్షయలా కనిపించి డాక్టర్లను పక్కదారి పట్టిస్తుంది. జ్వరం అనగానే అలవాటుగా ఇచ్చే యాంటీబయాటిక్స్‌లో చాలావాటికి లొంగదు. తగిన మందును కనీసం పది పధ్నాలుగు రోజులు నరంలోకి ఎక్కించి, ఆ తర్వాత నెలల తరబడి మాత్రలు మింగించాలి. ఇలాంటి జబ్బును పది రోజులు ముందు పసిగట్టామా, వెనక పసిగట్టామా అన్నదాని మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది.

తురకపాలెం మారుమూల కొండ గూడెం కాదు. గుంటూరు వైద్య కళాశాల, జీజీహెచ్ దగ్గరలోనే ఉన్నాయి. మంగళగిరి ఎయిమ్స్ అదే జిల్లాలో ఉంది. ఊరికి ఏఎన్‌ఎంలు, ఆశాలు ఉంటారు. మరణ ధ్రువపత్రం కోసం చనిపోయినవారి ఇంటివాళ్లు పంచాయతీ గడప తొక్కక తప్పదు. మామూలుకు మించి మనుషులు పోతున్నారన్న సంగతి ఊరందరికీ తెలుసు. యంత్రాంగం పూర్తిస్థాయిలో కదిలింది మాత్రం వార్తలయ్యాకే. డాక్టర్ల కొరత, మందుల కొరత, పడకల కొరత గురించి మనం చాలాకాలంగా మాట్లాడుకుంటున్నాం. తురకపాలెం ఇంకో కొరతను బయటపెట్టింది. చావుల్ని వరసగా పేర్చి చూసి, ‘ఇది మామూలుగా లేదే’ అని అనుమానించి, ఆ అనుమానాన్ని కాగితం మీద పెట్టి పైకి పంపడమే తన ఉద్యోగంగా ఉన్న మనిషి మన వ్యవస్థలో దాదాపు లేడు.

ఆ ఉద్యోగానికి పేరుంది. ఫీల్డ్ ఎపిడమాలజిస్టు అంటారు. డాక్టరు రోగిని పరీక్షిస్తే ఈయన ఊరిని పరీక్షిస్తాడు. జబ్బు ఎవరికి వచ్చింది, ఏ వీధిలో, ఏ రోజు మొదలైంది అని ఒక్కో పేరూ రాసుకుంటాడు. ఎవరికి రాలేదో, ఎందుకు రాలేదో అంతకన్నా పట్టుదలగా వెతుకుతాడు. పక్కపక్క ఇళ్లలో ఒకరు మంచాన పడి మరొకరు తిరుగుతుంటే, ఆ ఇద్దరి నీళ్లలో, తిండిలో, పనిలో తేడా ఎక్కడుందో లెక్కగడతాడు. అమెరికాలో అలెగ్జాండర్ లాంగ్‌మ్యూర్ 1951లో ఇందుకోసమే ఎపిడమిక్ ఇంటెలిజెన్స్ సర్వీస్‌ను మొదలుపెట్టాడు. అడుగు అరిగి చిల్లుపడిన బూటు వారి చిహ్నం. థాయిలాండ్ 1980లోనే తన సొంత శిక్షణ పథకం పెట్టుకుంది. మన దేశంలో చెన్నైలోని జాతీయ ఎపిడమాలజీ సంస్థ 2001లో, ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం (ఎన్‌సీడీసీ) 2012లో ఇలాంటి శిక్షణ ప్రారంభించాయి.

ఆ శిక్షణ ఏం చేయగలదో ముజఫర్‌పుర్ చూపించింది. బిహార్‌లోని ఆ జిల్లాలో 1990ల నుంచి ఏటా మే, జూన్ నెలల్లో పిల్లలు తెల్లవారుజామున ఫిట్స్‌తో స్పృహ తప్పేవారు. రాత్రి ఆడుకుని పడుకున్న పిల్లలు తెల్లారేసరికి కోమాలోకి వెళ్లేవారు. మెదడువాపు వైరస్ అన్నారు, వడదెబ్బ అన్నారు. ఏళ్ల తరబడి వైరస్ కోసమే వెతికారు. ఎన్‌సీడీసీ బృందం 2013, 2014 సంవత్సరాల్లో అమెరికా నిపుణులతో కలిసి అక్కడ మకాం వేసింది. 2014లో రెండు ఆస్పత్రుల్లో చేరిన 390 మంది పిల్లల్లో 122 మంది చనిపోయారు. బృందం జబ్బుపడిన పిల్లల్ని, పడని పిల్లల్ని పక్కపక్కన పెట్టి తల్లులను అడగడం మొదలుపెట్టింది. నిన్న ఏం తిన్నాడు? రాత్రి అన్నం తిన్నాడా? అడగడానికి ఎంతో మామూలుగా ఉండే ఈ ప్రశ్నల్లోంచే జవాబు వచ్చింది. జబ్బుపడని పిల్లలతో పోలిస్తే జబ్బుపడినవారిలో లీచీ పండ్లు తిన్నవారు, రాత్రి అన్నం తినకుండా పడుకున్నవారు ఎక్కువ. లీచీలో ఉండే హైపోగ్లైసిన్, దాని సంబంధిత విషపదార్థం శరీరంలో చక్కెర తయారీని అడ్డుకుంటాయి. పోషణ లేని పిల్లవాడి కాలేయంలో చక్కెర నిల్వ ఉండదు. తెల్లవారేలోగా రక్తంలో చక్కెర అడుగంటిపోతుంది. ఆ విషపదార్థాల ఆనవాళ్లు పిల్లల మూత్రంలో ప్రయోగశాలకు తర్వాత దొరికాయి. ఆ ఆనవాళ్లను పిల్లల తిండితో ముడిపెట్టింది మాత్రం తల్లుల జవాబులే.

అందులోంచి వచ్చిన సలహాలు ఖరీదైనవి కావు. పిల్లలకు రాత్రి అన్నం పెట్టండి. లీచీలు తగ్గించండి. ఆస్పత్రికి తెచ్చిన పిల్లవాడికి ముందు రక్తంలో చక్కెర చూసి వెంటనే గ్లూకోజ్ ఎక్కించండి. తర్వాతి ఏళ్లలో కేసులు బాగా తగ్గాయి. 2019లో మళ్లీ నూట యాభై మందికి పైగా పిల్లలు పోయారు. లీచీ ఒక్కటే దోషి కాదని, ఆకలి లేనిచోట ఆ పండు ఎవరినీ చంపదని వాదించిన శాస్త్రవేత్తలున్నారు. వారి మాట నిజమే. కారణం కనిపెట్టినంత మాత్రాన ఆకలి పోదు. కానీ కారణం తెలియకపోతే గ్లూకోజ్ సీసా కూడా సమయానికి చేతికి రాదు.

ఇప్పుడు ఏలూరును గుర్తుచేసుకుందాం. 2020 డిసెంబరు 5న వన్‌టౌన్ ప్రాంతంలో మనుషులు ఉన్నట్టుండి ఫిట్స్‌తో కుప్పకూలారు. కళ్లు తేలేశారు, నురగ కక్కారు. చాలామంది కొన్ని గంటల్లోనే తేరుకుని ఇంటికి వెళ్లారు. వారం పదిరోజుల్లో బాధితులు 600 దాటారు. ఒకరి నుంచి ఒకరికి అంటుకున్న జాడ లేదు. అన్ని వయసులవారూ ఉన్నారు. ఎయిమ్స్, ఎన్‌సీడీసీ, నాగ్‌పుర్ నుంచి నీరీ, హైదరాబాద్ నుంచి జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ వంటి సంస్థలన్నీ నమూనాలు పట్టుకెళ్లాయి. కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది. చివరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమన్న అభిప్రాయానికి వచ్చారు. అవి ఏ దారిలో, ఒకే వారంలో, ఒకే పట్టణంలో అన్ని కడుపుల్లోకి చేరాయన్నది ఈనాటికీ తేలలేదు.

పరికరాలకు లోటు లేదు, శాస్త్రవేత్తలకూ లోటు లేదు. అయినా ఎందుకు తేలలేదు? ఇలాంటి సంఘటనలో సాక్ష్యం మొదటి రెండు రోజుల్లోనే ఉంటుంది. శనివారం వండిన కూర సోమవారానికి ఉండదు. ఆదివారం అమ్మిన కూరగాయల బుట్ట ఎక్కడికి పోయిందో బుధవారానికి ఎవరికీ గుర్తుండదు. ఢిల్లీ బృందాలు ఏలూరు చేరేసరికి తొలి మూడు రోజులు గడిచిపోయాయి. ఆ మూడు రోజుల్లో బాధితుల పక్కింటివాళ్లను, బాధితులు కాని ఇంటివాళ్లను కూర్చోబెట్టి ఏం తిన్నారు, ఎక్కడ కొన్నారు, ఏ కుళాయి నీళ్లు తాగారు అని ఒకే ప్రశ్నావళితో అడగగలిగిన పదిమంది జిల్లాలోనే ఉండుంటే కథ వేరుగా నడిచేది. నమూనాలు దూరం నుంచి వచ్చినవాళ్లు కూడా తీసుకెళ్లగలరు. జ్ఞాపకాలను మాత్రం అక్కడున్నవాడే, అప్పటికప్పుడే సేకరించాలి.

వ్యవస్థ లేదని కాదు. 1994లో సూరత్ ప్లేగు భయంతో లక్షల మంది ఊరొదిలి పరుగుతీశాక కేంద్రానికి బుద్ధి వచ్చింది. 2004లో ప్రపంచ బ్యాంకు సాయంతో సమగ్ర వ్యాధి నిఘా పథకం మొదలైంది. ఏఎన్‌ఎం లక్షణాలను బట్టి ఒక ఫారం నింపాలి, పీహెచ్‌సీ డాక్టరు అనుమానాన్ని బట్టి మరొకటి, ప్రయోగశాల నిర్ధారణను బట్టి ఇంకొకటి. 2021 నుంచి ఇదంతా ఆన్‌లైన్ వేదిక మీదికి వెళ్లింది. ఏఎన్‌ఎం నింపే ఫారంలో జ్వరం, దగ్గు, విరేచనాలు, కామెర్లు అయిపోయాక చివర ఒక గడి ఉంటుంది. పై వాటిలో దేనికీ చెందని వింత లక్షణాలతో ఎవరైనా ఆస్పత్రిపాలైనా, చనిపోయినా అక్కడ రాయాలి. ఏలూరు ఫిట్స్, దశాబ్దాలు గడిచినా మూలం తేలని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బు లాంటివి ఆ గడికి చెందినవే. దాన్ని నింపాలంటే తీరిక కావాలి, ధైర్యం కావాలి. రోజుకు నాలుగైదు యాప్‌ల్లో వివరాలు ఎక్కించే ఏఎన్‌ఎంకు మొదటిది లేదు. రెండోది లేకపోవడానికి కారణం పైవాళ్లు.

నిజం చెప్పాలంటే సమస్యకు మూలం ఇక్కడే ఉంది. ఏ జిల్లా సమీక్షా సమావేశానికైనా వెళ్లి చూడండి. డెంగీ కేసులు ఎక్కువ చూపించిన మండలం డాక్టరు నిలబడి సంజాయిషీ ఇచ్చుకుంటాడు. సున్నా రాసినవాడు హాయిగా కూర్చుంటాడు. సున్నా రాసిన మండలంలో దోమలు లేవా, వెతికినవాడు లేడా అని అడిగే ఆనవాయితీ లేదు. కేరళ ఆరోగ్య శాఖ జ్వరాలు, డెంగీ, ఎలుక జ్వరం లెక్కలను ఏ రోజుకారోజు బయటపెడుతుంది. అందుకే పట్టికల్లో కేరళ ఎప్పుడూ రోగిష్ఠి రాష్ట్రంలా కనిపిస్తుంది. లెక్క సరిగా రాసినందుకు దక్కే పేరు అది!

దీనికి విరుగుడు మన దేశమే ఒకసారి కనిపెట్టింది. పోలియో నిర్మూలన కోసం 1997లో జాతీయ నిఘా ప్రాజెక్టు పెట్టినప్పుడు, పదిహేనేళ్లలోపు పిల్లల్లో ఎవరికి కాలో చెయ్యో హఠాత్తుగా చచ్చుబడినా 48 గంటల్లో వెళ్లి చూడాలని, రెండు మల నమూనాలు తీయాలని నియమం పెట్టారు. ఆ కేసుల్లో అత్యధికం పోలియో కావు. జిల్లా పనితీరును కొలిచింది మాత్రం సరిగ్గా ఆ పోలియో కాని కేసుల సంఖ్యతోనే. లక్ష మంది పిల్లలకు ఇన్ని చొప్పున పోలియో కాని పక్షవాతం కేసులు దొరక్కపోతే, ఆ జిల్లాలో ఎవరూ సరిగా వెతకడం లేదని లెక్క. తక్కువ రాసిన అధికారి అక్కడ సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చేది. 2011 జనవరి 13న హౌరాలో నమోదైనదే చివరి కేసు అని మనం అంత నిబ్బరంగా చెప్పగలిగామంటే, 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట నమ్మిందంటే, ఆ వెతుకులాట మీద ఉన్న నమ్మకమే కారణం. ఇంత మంచి కొలబద్ద చేతిలో ఉండి కూడా మిగతా జబ్బులకు దాన్ని వాడకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. తప్పుడు హెచ్చరికలు అసలు రాని జిల్లాను అనుమానించాలి. పది హెచ్చరికల్లో తొమ్మిది వట్టివని తేలినా, పంపిన డాక్టరును మెచ్చుకోవాలి.

చావుల లెక్క దగ్గర ఈ భయం ఇంకా ముదురుతుంది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా ప్రబలినప్పుడు వాదులాట అంతా సంఖ్య మీదే నడిచింది. అతిసారంతో పోయింది ఒక్కరేనని, మిగిలినవారికి వేరే జబ్బులున్నాయని అధికారులు అన్నారు. పదిమంది పోయారని ఆ ఊరు వచ్చి చూసిన ఉప ముఖ్యమంత్రి చెప్పారు. ఏ లక్షణాలుంటే కేసుగా రాయాలి, ఏ చావును దీని ఖాతాలో వేయాలి అన్న నిర్వచనాన్ని మొదటి రోజే కాగితం మీద పెట్టడం ఎపిడమాలజీలో ఓనమాలు. అది జరిగితే రెండు లెక్కలకు చోటుండదు. దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 2020లో 22.5 శాతమే. మిగతావారు ఏ జబ్బుతో పోయారో అధికారికంగా ఎవరికీ తెలియదు.

ఇంతకూ మనుషులు ఎందరు కావాలి? రెండు లక్షల జనాభాకు శిక్షణ పొందిన ఒక ఫీల్డ్ ఎపిడమాలజిస్టు ఉండాలన్నది అంతర్జాతీయంగా వాడుకలో ఉన్న కొలత. 2011 జనాభా లెక్కల ప్రకారమే చూసినా ఆంధ్రప్రదేశ్‌కు దాదాపు 250 మంది, తెలంగాణకు 175 మంది కావాలి. ఢిల్లీలో, చెన్నైలో రెండేళ్ల శిక్షణ పొంది బయటికి వచ్చేవారు దేశం మొత్తానికి ఏటా పదుల సంఖ్యలోనే. ఆ లెక్కన ఎదురుచూస్తూ కూర్చుంటే మన మనవల కాలానికి కూడా సరిపోరు. అయితే అందరికీ రెండేళ్ల చదువు అక్కర్లేదు. ఉద్యోగంలో ఉన్న పీహెచ్‌సీ డాక్టర్లకు, హెల్త్ సూపర్‌వైజర్లకు, పశువైద్యులకు, ల్యాబ్ టెక్నీషియన్లకు పని మానిపించకుండా మూడు నెలల్లో ఇచ్చే ప్రాథమిక శిక్షణ నమూనా అనేక దేశాల్లో నడుస్తోంది. హైదరాబాద్ నారాయణగూడలోని ఇనిస్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ లాంటి చోట్లు, మన వైద్య కళాశాలల్లోని కమ్యూనిటీ మెడిసిన్ విభాగాలు దీన్ని నడపలేనివి కావు. ఆ విభాగాలు ఇవాళ పరీక్షలకు పాఠాలు చెప్పుకునేందుకే పరిమితం కావడం మన దౌర్భాగ్యం.

శిక్షణ ఇచ్చి వదిలేస్తే మాత్రం లాభం లేదు. తమిళనాడును చూడండి. 1939లో మద్రాసు రాష్ట్రం ప్రజారోగ్య చట్టం చేసింది. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ రాష్ట్రంలోనివే కాబట్టి ఆంధ్ర ప్రాంతానికీ ఆ చట్టమే వారసత్వంగా వచ్చింది. తమిళనాడు ఆ చట్టంతోపాటు ప్రజారోగ్యానికి విడిగా ఒక డైరెక్టరేటును, విడిగా ఒక అధికారుల శ్రేణిని నిలుపుకుంది. అందులో చేరిన డాక్టరు రోగుల్ని చూడడు. ఊరి నీళ్లను, దోమల్ని, జ్వరాలను చూస్తాడు. అదే దారిలో పైమెట్టు దాకా ఎదుగుతాడు. మనకు చట్టం మిగిలింది, శ్రేణి మిగల్లేదు. స్టెతస్కోపు పట్టుకున్నవారే సీనియారిటీతో జిల్లా కుర్చీలోకి వచ్చి, అక్కడ టెండర్లు, కోర్టు కేసులు, వీడియో కాన్ఫరెన్సుల మధ్య అంటువ్యాధుల నిఘా కూడా చూస్తున్నారు. ప్రతి రాష్ట్రంలో ప్రత్యేక ప్రజారోగ్య కేడర్ ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. 2022లో కేంద్రం మార్గదర్శకాలూ పంపింది. అలాంటి కేడర్ లేకుంటే ఎదుగుదల ఉండదు, ఎదుగుదల లేని ఉద్యోగానికి తెలివైన డాక్టరు ఎవరూ రారు. వచ్చినవారూ పీజీ సీటు రాగానే వెళ్లిపోతారు.

ఇక ప్రైవేటు సంగతి. జ్వరం వస్తే మన పల్లెల్లో మొదటి గడప ఆర్‌ఎంపీది, రెండోది పట్టణంలో నర్సింగ్ హోమ్‌ది. సర్కారు ఫారాల్లోకి వచ్చేది ఆ తర్వాత మిగిలినదే. ప్రైవేటు నుంచి ఆ సమాచారం రాబట్టడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదని మన చిత్తూరుకు పొరుగునే ఉండిన నాటి ఉత్తర ఆర్కాటు జిల్లా 1980లలోనే చూపించింది. వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలకు చెందిన టి. జాకబ్ జాన్ బృందం జిల్లాలోని ఆస్పత్రులకు, ప్రైవేటు వాటికి కూడా, ముందే ముద్రించిన పోస్టుకార్డులు ఇచ్చింది. ఫలానా జబ్బు అనుమానం వస్తే నింపి డబ్బాలో వేయాలి. అందుకు బదులుగా జిల్లాలో ఎక్కడ ఏం జరుగుతోందో చెప్పే చిన్న బులెటిన్ నెలనెలా డాక్టర్లకు చేరేది. తన కార్డు ఎక్కడో పనికొచ్చిందని కళ్లారా చూసిన డాక్టరు రెండో కార్డు కూడా రాస్తాడు. ఇవాళ్టి ఆన్‌లైన్ వేదిక మీద వివరాలు పైకి వెళ్లడమే ఉంది, కిందికి రావడం దాదాపు లేదు. క్షయ విషయంలో 2012లో నమోదు తప్పనిసరి చేసినా, ప్రైవేటు డాక్టర్లకు ప్రోత్సాహకం, సిబ్బంది సాయం జతచేశాకే నమోదులు బాగా పెరిగాయి. బెదిరింపుతో రానిది సహకారంతో వచ్చింది.

పశువుల శాఖనూ ఇందులో కలపాల్సిందే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్‌ఫ్లూ నిర్ధారణ కావడానికి ముందే కోళ్లు కుప్పలుగా చచ్చాయి. మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. అది బర్డ్‌ఫ్లూ వైరసేనని పుణె వైరాలజీ సంస్థ పరీక్షల్లో తేలింది. కోడి చచ్చిందని చెప్పిన రైతుకు మార్కెట్ పడిపోతుందన్న భయం, సమయానికి చెప్పకపోతే పరిహారమూ లేదు. డాక్టరుకు సమీక్షలో ఉన్న భయమే రైతుకు సంతలో ఉంది.

ఒక అంటువ్యాధిని మొదలైన ఏడు రోజుల్లో పసిగట్టాలి, ఒక్క రోజులో పైకి తెలపాలి, మరో ఏడు రోజుల్లో తొలి చర్యలు పూర్తిచేయాలి అన్నది ఇప్పుడు ప్రపంచం ఒప్పుకుంటున్న గడువు. రెండు తెలుగు రాష్ట్రాలూ గత ఐదేళ్లలో వచ్చిన ప్రతి పెద్ద సంఘటననూ ఈ గడువుతో కొలిచి, ఎక్కడ ఎన్ని రోజులు పోయాయో ప్రజల ముందు పెట్టాలి. ఎవరినో సస్పెండ్ చేయడానికి కాదు, ఆలస్యం ఏ మెట్టు మీద జరుగుతోందో తెలుసుకోవడానికి. ప్రతి చావునూ ఊరి స్థాయిలో వారం వారం లెక్కచూసే బాధ్యతను ఒక అధికారికి పేరు పెట్టి అప్పగించాలి. మండలాలవారీ జ్వరాల లెక్కలు ప్రతి సోమవారం బయటికి రావాలి. ఆ లెక్క ఎక్కువ చూపించిన డాక్టరుకు సంజాయిషీ నోటీసు వెళ్లకూడదని ముఖ్యమంత్రులిద్దరూ లిఖితపూర్వకంగా ఆదేశాలివ్వాలి. ఈ చివరి పనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక జీవో చాలు.